తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఒక చిన్న ఊరి చర్చికి ఆర్గనిస్టు దొరికిన వైనం

శనివారం రాత్రి తొమ్మిది దాటాక నా ఫోన్ మోగిందంటే ఏదో చర్చి ఆర్గనిస్టుకి జ్వరం వచ్చిందని అర్థం. మా ఆర్గనిస్టుల సంఘం స్థానిక శాఖలో, అంటే చాప్టర్‌లో, సబ్‌స్టిట్యూట్ల (బదులు వాయించేవాళ్ల) జాబితా చూసుకునేది నేనే కాబట్టి ఆ ఫోన్లన్నీ నాకే వస్తాయి. ఆ నవంబరు మొదటి శనివారం వచ్చింది మాత్రం జ్వరం కబురు కాదు. మాకు నలభై మైళ్ల అవతల, అమెరికాలోని ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి లూథరన్ చర్చి పాస్టరుగారు చేశారు. వాళ్ల ఆర్గనిస్టు ఒక పెద్దావిడ. నలభై ఏళ్లకు పైగా అదే బెంచీ మీద కూర్చున్నారు. కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకుపోయి, వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మర్నాడు ఆల్ సెయింట్స్ ఆదివారం. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చదివి గంట కొట్టే రోజు. "రేపటికి ఎవరైనా ఉన్నారా?" అని అడిగారాయన.

ఎవరూ లేరు. నా జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఇద్దరు చలి మొదలవగానే ఫ్లోరిడా వెళ్లిపోతారు. నలుగురికి సొంత చర్చిలున్నాయి, సెలవు పెట్టుకున్న వారం తప్ప బయట వాయించలేరు. ఒకాయన చీకట్లో కారు నడపరు. మిగతావాళ్లని బుధవారానికే ఎవరో ఒకరు పట్టేసుకున్నారు. ఆ ఆదివారం అక్కడ ఆర్గన్ మూత తియ్యలేదు. పాస్టరుగారే పాట ఎత్తుకున్నారట. మరీ పైశ్రుతిలో ఎత్తుకోవడంతో రెండో చరణానికల్లా సగం మంది ఆగిపోయారట.

అక్కణ్నుంచి, అదే బెంచీ మీద ఆ ఊరి మనిషే కూర్చుని ఆరాధన మొత్తం వాయించే దాకా ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదిలో మేం చేసినవి, చేసి చెడగొట్టినవి, మొదటి రోజే చెయ్యాల్సి ఉండి మర్చిపోయినవి ఇక్కడ రాస్తున్నాను. చర్చి పేరు, మనుషుల పేర్లు రాయను.

మా సంఘం సంగతి

మాది అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్‌కి ఒహాయోలో ఉన్న చాప్టర్లలో ఒకటి. గిల్డ్ 1896లో న్యూయార్క్‌లో పుట్టింది. చాప్టర్ పెద్దని డీన్ అంటారు, ఆ తర్వాతి మనిషిని సబ్‌డీన్ అంటారు, కార్యక్రమాల బరువు సబ్‌డీన్ మీద ఉంటుంది. నేను సబ్‌డీన్ అయ్యానని ఫోన్‌లో చెబితే మా అమ్మ "ఏ కాలేజీలోరా?" అని అడిగింది. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆదివారం ఆర్గన్, నెలకో సోమవారం రాత్రి ఈ సంఘం. ఇదీ నా డీన్‌గిరీ.

ఆర్గనిస్టులకి సంఘం ఎందుకంటే, ఇది ఒంటరి పని. ఒక చర్చికి ఒక ఆర్గనిస్టు. పైగా ఆదివారం పొద్దున పదింటికి ఊళ్లో ఉన్న ఆర్గనిస్టులందరం ఒకే సమయంలో ఒకే పని చేస్తుంటాం. ఒకరి వాయింపు ఇంకొకరు వినే అవకాశమే లేదు. పక్క వీధి చర్చిలో ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న ఆయన ఆఖరి చరణానికి ఏ స్టాప్ (ఏ వరస పైపులు పలకాలో ఎంచే పిడి) లాగుతాడో నాకు తెలియదు, నా సంగతి ఆయనకి తెలియదు. అందుకే సోమవారాలు కలుసుకుంటాం.

సెప్టెంబరు నుంచి మే దాకా నెలకొక కార్యక్రమం ఉంటుంది. సభ్యులు తలో పాటా వాయించే కచేరీ ఒకసారి. మార్చిలో జర్మన్ స్వరకర్త బాక్ పుట్టినరోజు, 1685 మార్చి 21న పుట్టాడాయన, ఆ దగ్గర్లో వచ్చే శనివారం. ఒక వాన్ వేసుకుని రోజంతా నాలుగైదు చర్చిలు తిరిగి, ఒక్కో ఆర్గన్ మీద తలా అయిదు నిమిషాలు కూర్చునే తిరుగుడు ఒకటి. దానికి ఆర్గన్ క్రాల్ అని పేరు. మా రాష్ట్రంలో ఆర్గన్లు తయారుచేసేవాళ్లకి కొదవ లేదు. ఆర్‌విల్‌లో షాంట్జ్ కంపెనీ 1873లోనే మొదలైంది. గిల్డ్ పరీక్షలు కూడా ఉన్నాయి. ఆరాధనలో వాయించే పనితనానికి ఇచ్చే సర్వీస్ ప్లేయింగ్ సర్టిఫికెట్ దగ్గర మొదలై కొలీగ్, అసోసియేట్, ఫెలో దాకా మెట్లుంటాయి. నేను రెండో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాను, ఆరేళ్లుగా.

సబ్‌స్టిట్యూట్ల జాబితా గురించి ఒక మాట, ఎందుకంటే కొత్త చర్చిలవాళ్లు ఫోన్ చెయ్యగానే అడిగేది "రేటెంత?" అని. జాబితాలో రేట్లుండవు. ఒకప్పుడు గిల్డ్ జీతాల పట్టికలు తయారుచేసేది. ఒక సభ్యుడు పనిచేసే చర్చిలో ఇంకో సభ్యుడు పెళ్లికో చావుకో వాయించాలంటే అక్కడి ఆర్గనిస్టు అనుమతి తీసుకోవాలని నియమాల్లో ఉండేది. బయటి మనిషి వాయించినా ఆ చర్చి ఆర్గనిస్టుకి డబ్బు ముట్టాల్సిందే. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇది పోటీని అడ్డుకోవడమేనంది. గిల్డ్ ఆ నియమాలు, ఆ పట్టికలు మానుకోవడానికి ఒప్పుకుంది. పాతవాళ్లలో కొందరికి ఆ కోపం ఇంకా తగ్గలేదు. నాకైతే అది సబబే అనిపించింది. కానీ దాని ఫలితం ఏమిటంటే, ఎంతివ్వాలో తెలియని చిన్న చర్చి ఎంత తక్కువిస్తే సరిపోతుందో ఊహించుకుంటుంది. ఈ కేసులో అది తర్వాత వస్తుంది.

ఎడం చెయ్యి

నేనెలా వచ్చానో రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాత చెప్పే పాఠాలు అర్థం కావు. గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చి లూథరన్లది. 1842లో గుంటూరొచ్చిన మిషనరీ హయ్యర్ దొరని పంపింది అమెరికా లూథరన్లే. అంటే నేనిప్పుడు వాయిస్తున్న చర్చికీ, మా ఊరి చర్చికీ ఎక్కడో చుట్టరికం ఉంది. మా మేనత్త అక్కడ హార్మోనియం వాయించేది. ఆమె తర్వాత నేను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకుంటే పాడేవాడు ముందు, పెట్టె వెనక. పెద్దలు ఎక్కడ సాగదీస్తే అక్కడ మనమూ సాగాలి. ఇక్కడ దానికి తిరగబడి ఉంటుంది. ఆర్గన్ ముందు, జనం వెనక. ఆర్గనిస్టు తడబడితే రెండొందల మంది తడబడతారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. హార్మోనియం మీద కుడిచేతికి ఎంత పనితనం వచ్చినా, నా ఎడం చెయ్యి పదిహేనేళ్లు గాలి కొట్టింది. స్వరం దానికి తెలియదు. ఇక్కడికొచ్చాక ఎడం చేతికి మధ్య స్వరాలు, కాళ్లకి మంద్రం నేర్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. నలభై దాటిన మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పడమంటే ఏమిటో అందుకే కాస్త తెలుసు.

ఆ ఆర్గన్

నవంబరు చివర్లో నేనూ మా డీనూ వెళ్లి చూశాం. రెండు కీబోర్డులు, ఒక్కోదానికి 61 మెట్లు. కింద కాళ్లతో వాయించే 32 మెట్ల పెడల్ బోర్డు. పద్దెనిమిది వరసల పైపులు, అన్నీ కలిపి వెయ్యికి కాస్త పైన. 1950ల నాటిది. మీట నొక్కితే కరెంటు వెళ్లి లోపల చిన్న తోలు సంచిలోని గాలిని వదులుతుంది, ఆ సంచి ముడుచుకుని పైపుకి దారి తెరుస్తుంది. ఆ తోలు కొన్ని దశాబ్దాలకి పొట్టు రాలిపోతుంది. ఇక్కడ ఒకసారి మార్చారట, బాగానే ఉంది.

తెలియనివాళ్ల కోసం: స్టాప్ మీద 8 అని రాసి ఉంటే ఆ వరసలో అతి కింది స్వరం పైపు ఎనిమిదడుగులని లెక్క. 16 అంటే దానికి ఒక స్థాయి కింద, 4 అంటే ఒక స్థాయి పైన. పైపు పైకొన మూసేస్తే సగం పొడుగుతోనే అదే స్వరం పలుకుతుంది. స్థలం లేని చర్చిల్లో చేసే కిటుకు అది. ఇక్కడ పెడల్ పదహారడుగుల వరస కూడా అలా మూసిన చెక్క పైపులే, ఎనిమిదడుగుల ఎత్తులో గోడకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి.

వాద్యంలో దోషం లేదు, మనిషే లేడు. డీన్‌గారు అక్కడే ఒక మాటన్నారు: "ఆర్గన్ పాడైతే చందాలు పోగుచేస్తారు. ఆర్గనిస్టు లేకపోతే గిటార్ కొంటారు."

చేసి చెడినవి

మొదటి మూడు నెలలూ మేం చేసినవన్నీ దండగ. ముందు వంతులేశాం. నెలకి రెండు ఆదివారాలు మా సభ్యుల్లో ఎవరో ఒకరు వెళ్లేలా. డిసెంబరులో మంచు పడ్డ రెండు వారాలూ ఎవరూ వెళ్లలేకపోయారు. క్రిస్మస్ ఈవ్ రాత్రి మా సభ్యులందరూ వాళ్ల వాళ్ల చర్చిల్లో బందీలు. ఆ రాత్రి పాటలు ముందుగా రికార్డు చేసిన పెట్టెతో నడిపించారు. పెట్టె ఊపిరి తీసుకోదు. జనం లైన్ చివర ఆగితే అది ఆగకుండా పోతుంది.

తర్వాత స్కాలర్‌షిప్ ప్రకటించాం. ఆర్గన్ నేర్చుకోదలిచిన పియానో విద్యార్థికి పది పాఠాల ఫీజు చాప్టర్ ఇస్తుందని చుట్టుపక్కల పియానో టీచర్లందరికీ ఉత్తరాలు రాశాం. ఒక్క దరఖాస్తూ రాలేదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం గిల్డ్ వేసవిలో నడిపే పైప్ ఆర్గన్ ఎన్‌కౌంటర్ పోస్టర్లు స్కూళ్లకి పంపాం. ఒక స్కూలు మ్యూజిక్ టీచర్ బదులిచ్చాడు, పోస్టర్ బాగుందని.

జనవరిలో ఆ చర్చిలోనే కచేరీ పెట్టాం, ఊరి పిల్లలకి ఉత్సాహం వస్తుందని. మా చాప్టర్‌లో మంచి వాద్యకారుడు బాక్ టొకాటా ఒకటి ఉతికి ఆరేశాడు. నలభై మంది వచ్చారు. అందులో మా చాప్టర్ వాళ్లే ఇరవై రెండు మంది. నేనే లెక్కపెట్టాను. అయ్యాక ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "చాలా బాగుందండీ. ఇది చూశాక మా ఊళ్లో ఎవరూ ఇక దాని జోలికి పోరు" అన్నారు. అది మెచ్చుకోలు అనుకుని నవ్వాను. కారెక్కాక అర్థమైంది.

పిజ్జా

చాలా గిల్డ్ చాప్టర్లు చేసే పిల్లల కార్యక్రమం ఒకటుంది, పెడల్స్, పైప్స్ అండ్ పిజ్జా. పిల్లల్ని తీసుకొచ్చి, పైపులు చేతికిచ్చి ఊదమని, బెంచీ ఎక్కించి నొక్కమని, ఆఖర్న పిజ్జా పెట్టి పంపడం. దాన్ని ఫిబ్రవరిలో ఒక శనివారం ఆ చర్చిలో పెట్టాం. తొమ్మిది మంది పిల్లలొచ్చారు. ఎనిమిది మంది పిజ్జా కోసమే వచ్చారని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

పిల్లల్లో ముగ్గుర్ని దింపిన ఆవిడ వెనక బెంచీలో కోటు విప్పకుండా కూర్చుంది. స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లలు పిజ్జా మీద పడ్డాక మెల్లగా వచ్చి "నేనొకసారి?" అంది. కూర్చుని కుడిచేత్తో ఓల్డ్ హండ్రెత్ ఎత్తుకుంది. 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలోని వరస, ఇక్కడ చర్చికి వెళ్లేవాళ్లెవరికైనా నోటికొస్తుంది. ఎడంచెయ్యి కూడా కలిపింది. చిన్నప్పుడు తొమ్మిదేళ్లు పియానో నేర్చుకుందట, ఇప్పుడు ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకి చెబుతుందట. వాయిస్తుంటే ఆవిడ కుడికాలు అలవాటుగా, పియానోలో నాదాన్ని నిలబెట్టే సస్టైన్ పెడల్ కోసం వెతుక్కుంటూ వెళ్లి స్వెల్ పెడల్ని తొక్కింది. పైపుల ముందున్న చెక్క రెక్కలన్నీ ఒక్కసారి తెరుచుకుని ధ్వని భగ్గుమంది. ఉలిక్కిపడి చేతులు తీసేసి, "పాడుచేశానా?" అంది.

"లేదండీ, తలుపులు తెరిచారు అంతే" అన్నాను.

ఉత్తరాల్లో మేం పదహారేళ్ల పిల్లల కోసం వెతికాం. మనిషి పిల్లల్ని కార్లో తీసుకొచ్చిన డ్రైవరు.

పాఠం ఎలా నడిచిందంటే

పియానో నుంచి వచ్చినవాళ్లకి వేళ్లు కావాల్సినంత ఉంటాయి. వాళ్లు వదిలించుకోవాల్సినవి మూడు. గట్టిగా కొడితే గట్టిగా పలకదు. కాలితో నాదాన్ని నిలబెట్టే సదుపాయం లేదు. వేలు లేచిన క్షణంలోనే స్వరం చచ్చిపోతుంది, కాబట్టి ఎత్తడం కూడా నొక్కడమంత లెక్కగా చెయ్యాలి. ఈ మూడోదానికి ఎక్కువ కాలం పట్టింది. నాలుగు స్వరాలు కలిసి మొదలవుతాయి గానీ కలిసి ముగియవు, చిటికెన వేలు ఆలస్యంగా లేస్తుంది. చర్చిలో అది అందరికీ వినబడుతుంది. ఒక నెలంతా నేనామెకి చెప్పింది ఒకటే: "లైన్ చివర మీరు కూడా జనంతో ఊపిరి తీసుకోండి. ఊపిరితోబాటు చేతులు లేపండి." చివరికి ఓల్డ్ హండ్రెత్ మాటలు నోటితో పాడుతూ వాయించమన్నాను. పాడితే గానీ ఊపిరి ఎక్కడో తెలియదు.

తర్వాత కాళ్లు. ఆవిడ మొదటి పాఠానికి బస్సు నడిపే మంచు బూట్లతో వచ్చింది. విప్పించి, ఊలు మేజోళ్లతో కూర్చోబెట్టాను. ఆర్గన్ బూట్లకి పల్చటి తోలు అడుగు, కాస్త మడమ ఉంటాయి, అవి తర్వాత కొనుక్కోవచ్చు. మొదట పాదానికి చెక్క తెలియాలి. కిందికి చూడకూడదు. నల్లమెట్లు రెండూ మూడుగా గుంపులుంటాయి, ఆ గుంపుల మధ్య ఖాళీని బొటనవేలి పక్కతో తడుముకుని స్థానం పట్టుకోవాలి. రెండు మోకాళ్లు ఆనించి ఉంచితే దూరాలు వాటంతటవే కొలతకొస్తాయి. "బస్సులో క్లచ్ చూసి తొక్కుతారా?" అని అడిగాను. "ఇప్పటి బస్సులకి క్లచ్చులుండవు" అంది. ఉపమానం చెడిపోయింది, కానీ ఆవిడ మాత్రం ఆ రోజు నుంచీ కిందికి చూడలేదు.

హిమ్ (ఆరాధన పాట) నేర్పే వరస కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. చాలామంది రెండు చేతులూ వచ్చాక కాళ్లు కలుపుతారు. అలా కలిపితే ఎడం చెయ్యి మంద్రాన్ని వదలదు, కాళ్లూ ఎడం చెయ్యీ ఒకే గీతని వాయిస్తూ పోతాయి. నేను ముందే ఎడంచేతికి టెనర్ (మంద్రానికి పైగీత) ఒక్కటే ఇచ్చి, కాళ్లకి బేస్ (మంద్రం) ఇచ్చి, ఆ రెండే వాయించమంటాను. వారం, రెండు వారాలు. వినడానికి పరమ చెత్తగా ఉంటుంది, పాటలా ఉండదు. అది కుదిరాక కుడిచెయ్యి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎడంచేతితో గాలి కొట్టిన నాలాంటివాడికి పనిచేసిన పద్ధతి కాబట్టి అందరికీ పనిచేస్తుందని నా మొండి నమ్మకం.

తాళంచెవి

ఇప్పుడు అసలు చిక్కు. పియానో ఇంట్లో ఉంటుంది, ఆర్గన్ చర్చిలో ఉంటుంది, చర్చికి తాళం ఉంటుంది. బస్సు పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ మధ్యాహ్నం రెండున్నర నుంచి. మధ్యలో ఆవిడకి బంగారంలాంటి అయిదారు గంటలు ఖాళీ. చర్చి ఆఫీసు తెరిచేది మంగళవారం, గురువారం రెండేసి గంటలు, ఆ రెండు గంటలూ పక్కగదిలో మీటింగులు. తాళంచెవి ఇమ్మని అడిగితే ఆస్తుల కమిటీ కుదరదంది. ఇన్సూరెన్సు, అలారం, ఒంటరిగా ఒక మనిషి లోపల ఉండడం. అన్నిటికంటే పెద్ద కారణం, ఉన్న తాళంచెవుల్లో ఒకటి ఇప్పటికే పోయింది, దాని సంగతి తేలేదాకా కొత్తది చేయించరట.

రెండు నెలలు ఇలాగే గడిచింది. అప్పటిదాకా ఆవిడ ఏం చేసిందంటే, గోడలకంటించే కాగితం చుట్ట ఒకటి తెచ్చి, మా చర్చి పెడల్ బోర్డు కొలతలు నేనిస్తే, దాని వెనక వైపు 32 మెట్లూ అసలు సైజులో గీసి పియానో కింద పరుచుకుంది. కాగితానికి లోతుండదు, తొక్కితే దిగదు, పలకదు. అయినా ఏప్రిల్లో ఆవిడ పాదాలు ఎక్కడున్నాయో చూసి నేను నోరు తెరిచాను.

ఏప్రిల్ చివర్లో, ఆ ఆర్గన్‌లో ట్రంపెట్ స్టాప్ ఎందుకంత బేసురుగా ఉందో కనుక్కుందామని వెళ్లిపోయిన పెద్దావిడకి ఫోన్ చేశాను. ఆరు నెలల్లో మాలో ఒక్కరం కూడా ఆమెకి ఫోన్ చెయ్యలేదన్న సంగతి డయల్ చేస్తుంటే తట్టింది. ఆమె ముక్కాలు గంట మాట్లాడారు. "ట్రంపెట్ చలికాలం లాగకూడదు నాయనా" అన్న అర్థంలో చెప్పారు. వారం మధ్యలో హీటరు తగ్గిస్తారు, ఆదివారం పెంచుతారు. మామూలు పైపుల శ్రుతి వేడిని బట్టి మారుతుంది, పది డిగ్రీల సెల్సియస్ తేడాకి దాదాపు అర్ధస్వరంలో మూడో వంతు. ట్రంపెట్‌లాంటి నాలుక పైపులు వాటితోబాటు జరగవు. చల్లటి బుధవారం వచ్చి ట్రంపెట్‌ని శ్రుతి చేసి వెళ్లిన మనిషి ఆదివారానికి దాన్ని పాడుచేసినట్టే. శ్రుతి చేసేవాణ్ని పిలిచే ముందు ఆదివారం వేడికి హీటరు పెట్టమని ఆమె ఏటా చెప్పేవారట. ఆమె వెళ్లాక చెప్పేవాళ్లు లేరు.

ఆఖర్న నేను తాళంచెవి గోల చెప్పుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నా హ్యాండ్‌బ్యాగులో ఉంది" అన్నారు.

నాలుగు రోజుల్లో కవరులో వచ్చింది. పాస్టరుగారు దాన్ని కమిటీ బల్ల మీద పెట్టి, పోయింది దొరికింది కాబట్టి ఇక అభ్యంతరం లేదు కదా అన్నారట. సంతకం పెట్టించుకుని ఇచ్చారు. లోపల ఉన్నంతసేపూ ఫోన్ దగ్గర పెట్టుకోవాలని, వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి ఆఫీసుకి మెసేజ్ పెట్టాలని షరతు. సబబైన షరతే. మే నుంచి ఆవిడ వారానికి నాలుగు రోజులు వాయించింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చినదానికంటే మే ఒక్క నెలలో వచ్చింది ఎక్కువ.

ఆగిపోని స్వరం

జూన్‌లో ఆరాధనలో ఒక్క పాట. జులైలో రెండు. మిగతావి మా వంతుల వాళ్లు. అడ్వెంట్ మొదటి ఆదివారం, అంటే క్రిస్మస్‌కి నాలుగు వారాల ముందు, మొత్తం ఆవిడే. నేను మా చర్చిలో సెలవు పెట్టి వెళ్లి నాలుగో వరసలో కూర్చున్నాను. నలభై మైళ్లూ ఆవిడకంటే నాకే ఎక్కువ దడ.

ప్రభురాత్రి భోజనం నడుస్తుండగా మెత్తటి ఫ్లూట్ స్టాప్ మీద ఒక హిమ్ వాయిస్తోంది. మధ్యలో ఒక జి స్వరం పట్టుకుపోయింది. వేలు లేచింది, స్వరం ఆగలేదు. దీన్ని సైఫర్ అంటారు. లోపల తోలు మీదో అయస్కాంతం మీదో ఒక ధూళి కణం చాలు. మందు ఏమిటంటే స్టాపులు ఒక్కొక్కటే మూస్తూ పోవాలి, ఏది మూస్తే ఆగుతుందో ఆ స్టాప్‌ని ఆ పూటకి వదిలెయ్యాలి. ఇదంతా మేం సాధన చేశాం. కానీ జనం మోకాళ్ల మీద ఉండగా చప్పుడు లేకుండా చెయ్యాలి.

ఆవిడ ఆపలేదు. ఆ హిమ్ అదృష్టవశాత్తూ జి శ్రుతిలోనే ఉంది. స్వరం మోగుతుండగానే చరణం పూర్తి చేసింది, ఇంకొంచెం నెమ్మదిగా. వేసవిలో ఎప్పుడో ఒక పాఠం మధ్యలో సైఫర్ వచ్చినప్పుడు నేనన్నానట: "మా ఊళ్లో దీనికి డబ్బులిచ్చి ఒక పెట్టె కొనుక్కుంటాం. శ్రుతిపెట్టె అంటారు. స్వరం ఆగలేదని కంగారు పడకండి, దాని మీద పాడండి." నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. చరణం అయ్యాక ఎడంచెయ్యి లేచి ఫ్లూట్ స్టాప్‌ని లోపలికి నెట్టింది. నిశ్శబ్దం. పక్క స్టాప్ లాగి మిగతా చరణాలు వాయించింది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, జనవరిలో నా చెయ్యి పట్టుకున్నాయనే, ఏమీ గమనించలేదు.

డబ్బు, మిగిలినవి

మొదటి ఆర్నెల్లూ ఆవిడకి ఇచ్చింది సున్నా. నేర్చుకుంటున్నారు కదా అన్నారు. నేను పాఠాలకి తీసుకోలేదు, పెట్రోలు చాప్టర్ ఇచ్చింది. అడ్వెంట్ తర్వాత చర్చి ఇస్తామన్న మొత్తం విని నేను కమిటీ ముందు కూర్చున్నాను. పట్టిక చూపించలేను, అది మాకిప్పుడు లేదు. అందుకని వేరే లెక్క చెప్పాను. ఆదివారం గంటన్నర, గురువారం కోయిర్ గంటన్నర, సాధన వారానికి ఆరేడు గంటలు, అన్నీ కలిపి గంటకి ఎంతవుతుందో మీరే భాగించండి అన్నాను. ఒకాయన ఫోన్‌లో భాగించి, ఆ అంకె వైపు కాసేపు చూశాడు. బస్సు నడిపితే గంటకొచ్చేదానిలో అది సగం కూడా లేదు. పెంచారు. చాలలేదు గానీ పెంచారు.

చాప్టర్ విషయంలో నా అసంతృప్తి నాకుంది. స్కాలర్‌షిప్ డబ్బు అలాగే ఉంది, దాన్ని "పాఠాల ఫీజు" అన్న పద్దు నుంచి "సాధనకి చోటు" అన్న పద్దుకి మార్చమని అడిగాను. ఇన్సూరెన్సు ఖర్చో, హీటరు ఖర్చో చర్చికి మేమిస్తాం, మీరు తాళంచెవి ఇవ్వండి అనడానికి. బోర్డులో ఇద్దరు ఒప్పుకోలేదు, గిల్డ్ పని సంగీతం గానీ హీటర్లు కాదన్నారు. ఓటుకి పెడితే ఒక్క ఓటుతో నెగ్గింది. జనవరి కచేరీకి పోసిన డబ్బు ఇందులో పోసి ఉంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి. పాత ఆర్గనిస్టుకి మొదటి వారంలోనే ఫోన్ చేసి ఉంటే ఇంకా. ఇప్పుడు ఎవరు పదవీ విరమణ చేసినా పదిహేను రోజుల్లో మా సెక్రటరీ వాళ్లకి ఫోన్ చెయ్యాలని రాసి పెట్టుకున్నాం. ఏ స్టాప్ చలికి ఏం చేస్తుందో, ఏ మీట తేమకి పట్టుకుంటుందో, తాళంచెవులు ఎన్నో.

ఆవిడ ఇంకా సర్వీస్ ప్లేయింగ్ పరీక్షకి కూర్చోలేదు. పెడల్ మీద మడమ వాడడం బలహీనం, వేగంగా నడిచే బేస్ వస్తే బొటనవేళ్లతోనే గెంతుతుంది. పైస్థాయి పైపులు చాలా కలిసి పలికే మిక్చర్ స్టాప్ అంటే మోజు, ప్రతి పాట ఆఖరి చరణానికీ లాగేస్తుంది. నెలకి మూడు ఆదివారాలు వాయిస్తుంది, నాలుగోది మా జాబితాలోంచి వెళ్తుంది. నా జాబితాలో పన్నెండో పేరు ఆవిడదే. మొన్న లెంట్‌లో (ఈస్టరుకి ముందు ఉపవాస కాలం) పక్క ఊరి మెథడిస్టులకి బుధవారం రాత్రి వెళ్లి వాయించి వచ్చింది.

ఫిబ్రవరిలో పిజ్జాకి వచ్చిన తొమ్మిది మందిలో ఒక పిల్లవాడు, ఆవిడ బస్సులోనే స్కూలుకి వెళ్లేవాడు, ఇప్పుడు శనివారాలు బెంచీ ఎక్కుతున్నాడు. పద్నాలుగేళ్లు. కాళ్లు ఇప్పుడిప్పుడే అందుతున్నాయి. వాడు ఆవిడ లేనప్పుడు కూడా వాయించుకోవాలని, రెండో తాళంచెవి కావాలని ఆవిడ కమిటీకి ఉత్తరం పెట్టింది. మైనరు పిల్లవాడు ఒంటరిగా లోపల ఉండకూడదు, తల్లిదండ్రుల్లో ఒకరు తోడుండాలి అని కమిటీ అంది. వాళ్ల నాన్న పాలకేంద్రంలో రాత్రి షిఫ్టు, పొద్దున పదింటికి లేస్తాడు. మీటింగు వచ్చే నెల రెండో మంగళవారం. ఆ రోజు నేనూ వెళ్తున్నాను.